కౌమార పాఠకుడు – మన కథావాఙ్మయం

కడచిన ఏడాది కాలంలో నేను చదివిన తెలుగు కథల పుస్తకాలలో సగానికి సగం బాలుడో బాలికో ప్రధానపాత్రగా ఉన్నవే. కొన్ని పిల్లల కోసమని ప్రకటించుకొని వెలువడినవి. కొన్ని పెద్దల కోసం రాసినవి. మరికొన్ని ఎవరి కోసం రాసినవో రచయితకే తెలియదేమో అనిపించేవి. వాటిని గురించి నా అభిప్రాయాలు చెప్పాలని కూర్చున్నప్పుడు, ఒక్కొక్క పుస్తకాన్ని విడివిడిగా తూచడం కంటె, వాటి వెనుకనున్న చరిత్రను ఒకమారు తిరగవేయడం మేలనిపించింది. అందుకు కారణం మా మేనకోడలు.

ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. తెలుగు చదవగలదు, చదవాలన్న కోరికా ఉన్నది. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చి, "మామయ్యా, నాకేదైనా కథల పుస్తకం ఇవ్వరూ?" అన్నది. 'చందమామ' పాత సంచికలు బైండు చేయించి దాచుకున్నవి ఉంటే తీసి ఇచ్చాను. మరునాటి సాయంకాలానికి తిరిగి తెచ్చింది. "బాగున్నాయి గానీ, ఇవి తమ్ముడికి ఇస్తాను" అన్నది. అప్పుడు బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చేతిలో పెట్టాను. ఇరవై పుటలు చదివి దానినీ తెచ్చి ఇచ్చింది. ఈసారి ఏమీ అనలేదు. ఆ మౌనం నన్ను బాధించిన మాట నిజం. బీరువా ముందు నిలబడి, ఈ రెండింటికీ మధ్య ఏమున్నదా అని వెదికాను. ముప్ఫై ఏళ్ళుగా పోగుచేసుకున్న పుస్తకాలలో ఆ నడిమి అర దాదాపు ఖాళీగా కనిపించింది.

సాహిత్య అకాడెమీ 2010లో బాలసాహిత్య పురస్కారాన్ని, 2011లో యువ పురస్కారాన్ని ప్రారంభించింది. మొదటిది పాఠకుని వయసును చూస్తుంది. రెండవది రచయిత వయసును చూస్తుంది. రెండూ అవసరమైనవే. కాని బాలుడు అన్న ఒక్క మాటలో ఆరేళ్ళవాడూ పదహారేళ్ళవాడూ ఇమిడిపోతున్నారు. మన పూర్వులు ఇంత తొందరపడలేదు. అయిదేళ్ళవరకు బిడ్డను లాలించమన్నారు; ఆపైన పదేళ్ళు శాసించమన్నారు; పదహారో ఏడు రాగానే మిత్రునిగా చూడమన్నారు. ఈ మాట పెంపకానికి సంబంధించినదే అయినా, కథ చెప్పేవారికీ వర్తిస్తుంది. లాలించే కథ ఒకటి, శాసించే కథ ఒకటి, స్నేహం చేసే కథ ఒకటి. మొదటి రెండూ మన భాషలో పుష్కలంగా ఉన్నవి. మూడవదాని చరిత్రే ఇక్కడ విచారించదలచినది.

ఆధునిక యుగంలో పడుచువారి చేతికి అందిన తొలినాటి తెలుగు వచన కథాగ్రంథాలలో ఒకటి పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక'. అది 1853లో వెలువడింది. సూరి స్వీకరించిన మిత్రలాభ, మిత్రభేద కథలకు మూలమైన పంచతంత్రం పసిపిల్లల కోసం పుట్టినది కాదన్న సంగతి మనం మరచిపోతుంటాం. చదువు ఒంటబట్టని రాజకుమారులకు లోకం తీరు తెలియజెప్పడానికి విష్ణుశర్మ చెప్పిన కథలవి. మోసం, ద్రోహం, స్నేహం, రాజాశ్రయంలోని ప్రమాదం: ఇవన్నీ రేపో మాపో లోకంలో అడుగుపెట్టవలసిన యువకునికి కావలసిన విషయాలు. ఆ మాటకు వస్తే మన దేశంలో కౌమార పాఠకుని కోసం వెలసిన తొలి గ్రంథాలలో పంచతంత్రాన్ని చేర్చవచ్చు. అయితే సూరి చేతిలో అది పాఠ్యగ్రంథమై, తరతరాల విద్యార్థులకు వ్యాకరణ సాధనమైంది. కథను చదివినవారికంటె సంధులు విడదీసినవారే ఎక్కువయ్యారు. స్నేహం చేయవలసిన కథ బెత్తం పట్టుకొని నిలబడింది.

తరువాత నవల వచ్చింది. కందుకూరి వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్రము' 1878 నుంచి 'వివేకవర్ధని'లో వెలువడి, 1880లో గ్రంథరూపం దాల్చింది. గోల్డుస్మిత్తు నవల దానికి ప్రేరణ. స్విఫ్టు రచన ప్రేరణతో ఆయనే 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాశారు. ఈ రెండింటిలోనూ సంస్కర్త గొంతు స్పష్టంగా వినబడుతుంది. ఆ కాలానికి అది అవసరం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారి పూనికతో నెలకొన్న విజ్ఞానచంద్రికా మండలి మరొక మార్గం తొక్కింది. చరిత్రలు, జీవితచరిత్రలు, శాస్త్రగ్రంథాలు సులభశైలిలో అందించడం దాని పని. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్ర ఆ మండలి తొలి ప్రచురణ. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత ఇటువంటి పుస్తకాలు పల్లెలకూ చేరినవి. ఊరి పఠనమందిరంలో చాపమీద కూర్చొని వీటిని చదివిన యువకులే తరువాతి దశాబ్దాలలో ఉద్యమాలకూ, పత్రికలకూ, సాహిత్యానికీ కాపులైనారు. వారిని ఆనాటి గ్రంథకర్తలు చిన్నపిల్లలుగా చూడలేదు. దేశానికి కావలసినవారిగా చూశారు. కాని అక్కడ కూడా కథకు దక్కిన చోటు తక్కువే.

కౌమారం కథావస్తువుగా మన నవలలో ప్రవేశించింది హాస్యం ద్వారా. చిలకమర్తి వారి 'గణపతి'లో బడిని ఎగవేసే అల్లరి పిల్లవాడు నాయకుడయ్యాడు. 1924లో మొదటి భాగం వెలువడిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం'లో మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా సీమకు బయలుదేరాడు. పార్వతీశాన్ని చూసి నవ్వని తెలుగువాడు లేడు. అయితే ఆ నవ్వు వెనుక మరొక సంగతి ఉన్నది. ఇల్లు విడిచి, తనకు తెలియని భాషలో, తెలియని దుస్తులలో, తెలియని లోకంలోకి ఒంటరిగా నడిచిపోయే కుర్రవాని దిగులూ సాహసమూ ఆ పుస్తకంలో ఉన్నవి. పెద్దలం అతని అమాయకత్వానికి నవ్వుతాం. పదిహేనేళ్ళ పాఠకుడు అదే పుట చదివినప్పుడు నవ్వుతూనే కాస్త భయపడతాడు, ఎందుకంటే రేపు ఆ రైలెక్కవలసినవాడు తానే గనుక. ఒకే పుస్తకం ఇద్దరిలో రెండు భావాలు కలిగించడం దాని గొప్పతనం. తరువాత ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు' వచ్చాడు. అతని గొంతు పిల్లవానిదే. అతడు బయటపెట్టేది మాత్రం పెద్దల లోకం.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసే వ్యక్తి కొడవటిగంటి కుటుంబరావు. తెలుగులో ఒక కుర్రవాడు పెరిగి పెద్దవాడు కావడాన్ని నిదానంగా, నిజాయితీగా చిత్రించిన నవల ఏదని అడిగితే నేను 'చదువు' పేరు చెబుతాను. సుందరం బడిలో అడుగుపెట్టిన నాటి నుంచి మొదలై, మొదటి ప్రపంచయుద్ధ కాలం మీదుగా, సత్యాగ్రహాల మీదుగా, ఆర్థికమాంద్యం దాకా సాగే కథ అది. అందులో అద్భుతాలు లేవు. చదువు మనిషికి ఏమి నేర్పుతుంది, ఏమి నేర్పదు అన్న ప్రశ్న ఒక్కటే ఉన్నది. ఆ ప్రశ్న పద్నాలుగేళ్ళ పిల్లకు పట్టనిదా? ఆమె ప్రతి ఉదయమూ వేసుకొనేది ఆ ప్రశ్నే.

ఆ కుటుంబరావుగారే 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు 'చందమామ' సంపాదక బాధ్యతలు మోశారు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు స్థాపించిన ఆ పత్రిక తెలుగు బాలలకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. దాని వచనం తేటగా, తడుముకోకుండా నడుస్తుంది. అటువంటి వచనం రాయడం ఎంత కష్టమో అనువాదం చేసేవారికి తెలుసు. దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ' వంటి ధారావాహికల కోసం నెలంతా ఎదురుచూసిన తరాలు ఉన్నవి. నేనూ వారిలో ఒకణ్ణి. వాటిలో వీరులు యువకులే. కోటలు దాటుతారు, మాంత్రికులను జయిస్తారు, రాక్షసులను మట్టుపెడతారు. కాని కథ ఎన్ని నెలలు సాగినా వారి వయసు పెరగదు. వారి మనసులో ఏదీ విరగదు. అది లోపమని నేననను. ఆ జాతి కథ ధర్మమే అది. చెప్పదలచినదేమంటే, ఒకే చేయి ఒకవైపు 'చందమామ'నూ మరొకవైపు 'చదువు'నూ మన కందించింది. ఒకటి పదేళ్ళవానికి, మరొకటి పాతికేళ్ళవానికి చేరినవి. నడుమ నున్న పాఠకుడు మాత్రం ఆ రెండు చేతులకూ అందలేదు.

ఇక్కడ ఇరుగుపొరుగు భాషలను చూడక తప్పదు. వంగభాషలో బాలసాహిత్యం నుంచి వేరుగా కిశోర సాహిత్యం అన్న పేరు స్థిరపడింది. విభూతిభూషణుడు 'పథేర్ పాంచాలి' రాసిన చేతితోనే 1937లో 'చాందేర్ పహాడ్' అనే సాహసనవలను ఇచ్చాడు. ఒక బెంగాలీ యువకుడు ఆఫ్రికా కొండలలో తిరిగే కథ అది. 'పథేర్ పాంచాలి'నే 1944లో చిన్నవారి కోసం సంక్షిప్తంగా ముద్రించినప్పుడు దానికి బొమ్మలు వేసినవాడు సత్యజిత్ రాయ్. ఆ బొమ్మలు గీస్తుండగానే అతనికి ఆ కథను చలనచిత్రంగా తీయాలన్న ఆలోచన మొలకెత్తింది. అతని తాత ఉపేంద్రకిశోరుడు 1913లో స్థాపించిన 'సందేశ్' పత్రికను అతడే 1961లో పునరుద్ధరించి, 1965లో ఫెలూదా అనే పరిశోధకుణ్ణి అందులో ప్రవేశపెట్టాడు. మహారాష్ట్రంలో సానే గురూజీ 1933లో నాసిక్ జైలులో కూర్చొని 'శ్యామ్‌చీ ఆయీ' రాశారు. ఈ రెండు భాషలలోనూ పెద్ద రచయితలు పడుచుపాఠకుల కోసం రాయడాన్ని చిన్నతనంగా భావించలేదు. పెద్దల కోసం రాసేటప్పుడు పడే శ్రమే అక్కడా పడ్డారు.

మనకు ఆ లోటును కొంతవరకు తీర్చింది అనువాదం. నండూరి రామమోహనరావుగారు మార్క్ ట్వేయిను నవలలైన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలను తెలుగుచేశారు. స్టీవెన్సను రచనను 'కాంచనద్వీపం'గా అందించారు. ఆయన తెలుగులో మిసిసిపీ నది గోదావరి వలె పారుతుంది. మద్దిపట్ల సూరిగారు 'పథేర్ పాంచాలి'ని వంగభాష నుంచి నేరుగా తెచ్చారు. ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కోలో ఉండి రష్యను సాహిత్యాన్ని తెలుగులోకి మార్చారు. విశాలాంధ్రవారి పుస్తకాల వ్యాను ఊరి కూడలిలో ఆగినప్పుడు రెండు మూడు రూపాయలకు గట్టి అట్టల సోవియెట్ పుస్తకం కొనుక్కొన్న రోజులు మా తరంవారికి గుర్తే. 1991లో సోవియెట్ రాజ్యంతోపాటు ఆ ప్రవాహమూ ఎండిపోయింది. తరువాతి కాలంలో జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి బడి జ్ఞాపకాలు 'రైలుబడి'గా తెలుగులోకి వచ్చి ఉపాధ్యాయులనూ విద్యార్థులనూ సమానంగా ఆకర్షించినవి.

అనువాదకునిగా నా తప్పొకటి ఇక్కడ ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రిందట పదమూడేళ్ళ బాలుడు నాయకుడుగా ఉన్న ఒక విదేశీ నవలను తెలుగు చేశాను. అందులో తండ్రి తాగి వచ్చి తల్లిని కొట్టే ప్రకరణం ఉన్నది. పిల్లలు చదివే పుస్తకంలో అది ఎందుకని ప్రచురణకర్త అడిగారు. నేను వాదించలేదు, తీసివేశాను. పుస్తకం ముద్దుగా అచ్చయింది. కాని ఆ ప్రకరణం పోయిన తరువాత, ఆ బాలుడు ఇల్లు విడిచి ఎందుకు పోయాడో చదివేవారికి తెలియకుండా పోయింది. అటువంటి ఇళ్ళనుంచే బడికి వచ్చే పిల్లలు మన ఊళ్ళలో ఎందరున్నారు? వారికి ఆ పుస్తకం తోడుగా ఉండగలిగేది. ఆ తోడును నేను కత్తిరించాను. పాఠకునికి ఏది తగదో నిర్ణయించే తొందరలో అతనికి ఏది అవసరమో మనం అడగడం మానివేశామని అప్పటినుంచీ నాకు అనుమానం.

మరి ఇన్నాళ్ళూ మన పడుచుపాఠకులు ఏమి చదివారు? పెద్దలు ఇవ్వనిది వారే వెదుక్కున్నారు. కొవ్వలి, జంపనల నవలలు రైలు స్టేషన్లలో అమ్ముడుపోయినవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ పాఠ్యపుస్తకాల మాటున దాగి తరగతిగదుల్లో ప్రవేశించాడు. యద్దనపూడి సులోచనారాణిగారి 'మీనా', 'సెక్రటరీ'లను తల్లి చదివి దాచిన చోటినుంచి కూతురు తీసి చదివింది. విమర్శకులం వీటిని చాలాకాలం తూష్ణీంభావంతో చూశాం. నేడు ఆలోచిస్తే, తల్లి చాటునుంచి బయటపడి తన ఇష్టాన్ని తాను తెలుసుకొనే 'మీనా' కథలో ఒక ఆడపిల్ల ఎదుగుదల ఉన్నదని ఒప్పుకోవలసి వస్తున్నది. ఆ నవలలు పాఠకురాలి కోరికను గౌరవించినవి. లోకాన్ని ఉన్నదున్నట్లు చూపలేదన్నది వేరే సంగతి. గౌరవం కరువైన చోట అదే ఆకర్షణ అయింది.

ఇక ఇటీవలి పుస్తకాలు. గత నాలుగు దశాబ్దాలలో తెలుగు కథలో వచ్చిన పెద్ద మార్పు బాల్యం ఏ ఇంటిదన్న ప్రశ్న. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు' చిత్తూరు జిల్లా పల్లె యాసలో వచ్చినవి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు సీమ ముస్లిం కుటుంబంలోని చిన్నతనాన్ని కళ్ళకు కట్టినవి. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ పూనికతో వచ్చిన కథల వరుసలో గోగు శ్యామల వంటి రచయితలు దళిత బాలబాలికలను నాయకస్థానంలో నిలబెట్టారు. అంతకుముందు మన బాలసాహిత్యంలోని పిల్లవానికి కులం ఉండేది కాదు. అంటే ఒకే కులం ఉండేదన్నమాట. ఆ మౌనాన్ని బద్దలుకొట్టినందుకు ఈ రచయితలకు మనం ఋణపడి ఉన్నాం. 2024లో యువ పురస్కారం పొందిన రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' గోర్ బంజారా తండాల కథలతో ఈ బాటనే ముందుకు సాగింది.

అయినా ఒక విచికిత్స మిగిలే ఉన్నది. ఈ కథలలో చాలాభాగం జ్ఞాపకాలు. పెద్దవాడైన రచయిత వెనుదిరిగి తన బాల్యాన్ని చూసుకుంటాడు. ఆ చూపులో ప్రేమ ఉన్నది, కోపం ఉన్నది, పోయినదాన్ని గురించిన దిగులూ ఉన్నది. కాని పదిహేనేళ్ళ పాఠకుని చూపు వెనక్కు కాదు, ముందుకు. అతనికి బాల్యం పోగొట్టుకున్న పెన్నిధి కాదు, వదిలించుకోవలసిన చొక్కా. ఏమి జరిగిందో తెలిసినవాడు చెప్పే కథకూ, ఏమి జరుగుతుందో తెలియనివాడు పడే ఆరాటానికీ తేడా ఉన్నది. మన కథకులు మొదటిదానిలో సిద్ధహస్తులు. రెండవదానిలో ఇంకా అరుదు. మరొకవైపు, బాలల కోసమని ప్రత్యేకించి రాసిన నవలలూ లేకపోలేదు. బాలసాహిత్య పురస్కారం మొదలైన 2010లోనే కలువకొలను సదానందగారి 'అడవితల్లి' దానిని పొందింది, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ 'మాయాలోకం' పొందింది. కథలూ గేయాలే ఎక్కువగా వచ్చే ఈ రంగంలో నవల రాయడానికి పూనుకోవడమే విశేషం. ఎందుకంటే ఎదుగుదలను చూపడానికి కథకంటె నవలలోనే చోటు ఎక్కువ.

పడుచువారి సాహిత్యమన్న వర్గీకరణ అమెరికా నుంచి వచ్చినది. అది పుస్తక వ్యాపారుల ముద్ర మాత్రమేననే ఆక్షేపణ ఉన్నది. అందులో సత్యం లేకపోలేదు. అయితే అక్కడ వ్యాపారులకంటె ముందే గ్రంథపాలకులు మేలుకొన్నారని గుర్తుంచుకోవాలి. అమెరికను గ్రంథాలయ సంఘం 1957లోనే ఈ వయసువారి కోసం ఒక ప్రత్యేకవిభాగాన్ని ఏర్పరచింది. 1967లో ఎస్. ఇ. హింటన్ తన పద్దెనిమిదో ఏట 'ది అవుట్‌సైడర్స్' ప్రచురించినప్పుడు, ఆ వయసును గురించి ఆ వయసుననే రాయవచ్చునని రుజువైంది. మనకు ఆ ముద్ర అక్కరలేదు. ఆ చూపు కావాలి. 'చదువు'నూ 'పార్వతీశం' మొదటి భాగాన్నీ పడుచువారికి అనువైన అచ్చులో, కఠినపదాలకు అర్థాలతో ముద్రించడానికి పెద్ద ఖర్చు కాదు. పెద్దల కోసం రాసే మన మంచి రచయితలు పదేళ్ళకొక్క నవల ఈ పాఠకుని ఉద్దేశించి రాసినా ఆ నడిమి అర నిండుతుంది. అనువాదకులు కత్తెర పక్కన పెట్టాలి. ఈ మాట మొదట నాకు నేను చెప్పుకుంటున్నాను.

చివరకు మా మేనకోడలికి నేనిచ్చిన పుస్తకం నండూరివారి హకల్‌బెరీ ఫిన్. నాలుగు రోజులు అలికిడి లేదు. అయిదవనాడు భోజనాల వేళ అడిగింది: "మామయ్యా, జిమ్‌ను పట్టివ్వకపోతే పాపమని హక్‌కు అందరూ చెప్పారు. పాపమనే నమ్ముతూ పట్టివ్వలేదు. అయితే వాడు తప్పు చేసినట్టా, చేయనట్టా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె అడిగింది పాఠం అప్పజెప్పమనీ కాదు, కథ చెప్పమనీ కాదు. సమానునితో మాట్లాడినట్లు మాట్లాడింది. పదహారేళ్ళకు మిత్రునిగా చూడమన్న పెద్దల మాటకు అర్థం నాకు ఆ పూట భోజనం దగ్గర తెలిసింది. పుస్తకం ఆమెను ముందుగా అట్లా చూసింది గనుకనే, ఆమె నన్ను ఆ ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నను తెలుగులోనే పుట్టించే నవల కోసం, తెలుగు ఊళ్ళలోనే హక్‌నూ జిమ్‌నూ చూపే నవల కోసం, ఆమెతోపాటు నేనూ ఎదురుచూస్తున్నాను.